దక్షిణం మన వాటా: బెజవాడ, గుంటూరు నుంచి బైనాక్యులర్లతో ఆకాశం

బైనాక్యులర్లతో చూడదగ్గ నెబ్యులాలు (అంతరిక్షంలోని వాయు, ధూళి మేఘాలు), చుక్కల గుంపులు, గెలాక్సీల జాబితాలు నెట్‌లో కావలసినన్ని దొరుకుతాయి. వాటిలో చాలావరకు 40, 50 డిగ్రీల ఉత్తర అక్షాంశాల్లో ఉండేవాళ్లు తమ కోసం రాసుకున్నవి. వాటన్నిటికీ మూలమైన మెస్సియర్ జాబితా కూడా అంతే. చార్లెస్ మెస్సియర్ 18వ శతాబ్దంలో ప్యారిస్ నుంచి చూసి రాశాడు. ఆ జాబితాలో అన్నిటికంటే దక్షిణాన ఉండేది ఎం7 అనే చుక్కల గుంపు (ఎం అంటే మెస్సియర్, అంకె జాబితాలో వరుస సంఖ్య). ప్యారిస్‌లో అది ఎంత లేచినా దిగంతం మీద 6 డిగ్రీలే. బెజవాడలో దాదాపు 39. మన గెలాక్సీలోని అతి పెద్ద గోళాకార గుంపు (బంతిలా దట్టంగా ముద్దకట్టిన చుక్కలు) ఒమేగా సెంటారీ ప్యారిస్‌లో అసలు ఉదయించదు కనుక ఆ జాబితాలోనే లేదు. మనకు 26 డిగ్రీల ఎత్తుకు వస్తుంది. అందుకే ఇక్కడివాళ్లు అరువు జాబితా పక్కన పెట్టి, దక్షిణం వైపు ముఖం పెట్టి మొదలుపెట్టడం మంచిది.

లెక్క సులభం. బెజవాడ అక్షాంశం 16.5, గుంటూరుది 16.3. ఏదైనా దక్షిణ వస్తువు డిక్లినేషన్‌కు (ఆకాశపు అక్షాంశం, మైనస్ గుర్తు వదిలేసి) 16.5 కలిపి 90లోంచి తీసేస్తే అది గరిష్ఠంగా ఎంత ఎత్తుకు వస్తుందో తెలుస్తుంది. 25 డిగ్రీల పైన ఉంటే నమ్మకంగా వెతకవచ్చు. 15కి దిగితే అదృష్టం కావాలి. 14 డిగ్రీల ఎత్తులో ఉన్నదాని వెలుగు, నడినెత్తిన ఉన్నదానితో పోలిస్తే నాలుగు రెట్ల గాలిని దాటి రావాలి, పైగా అది కోస్తా తేమ, దుమ్ము కలిసిన గాలి. మన గెలాక్సీ పొరుగున ఉన్న చిన్న గెలాక్సీ, పెద్ద మెగల్లానిక్ మేఘం, మనకు 4 డిగ్రీలే లేస్తుంది. దాని మీద ఆశ పెట్టుకోవద్దు.

ఇక ఎక్కడి నుంచి చూడాలి. "ఊరికి దూరంగా వెళ్లండి" అన్న సలహా సగమే పనికొస్తుంది. ఏ దిక్కుకు వెళ్తున్నామన్నది మిగతా సగం. నున్న, ఆగిరిపల్లి దాటి నూజివీడు మామిడితోటల దాకా వెళ్తే ఊరు దూరమవుతుంది కానీ బెజవాడ వెలుగంతా సరిగ్గా నైరుతి, దక్షిణాల్లో గొడుగులా నిలబడుతుంది. వృశ్చికం, ధనుస్సు, సెంటారస్ ఆ వెలుగులోనే మునుగుతాయి. ఆ వైపు వెళ్లేది ఆండ్రోమెడా గెలాక్సీకి, కాసియోపియా పక్కనున్న జంట గుంపుకి. అవి ఉత్తరంలో ఉంటాయి. దక్షిణపు వస్తువుల కోసం ఊరు మన వీపు వెనక ఉండాలి. బెజవాడవాళ్లకు తెనాలి దాటి రేపల్లె వైపు, లేదా ఉయ్యూరు, చల్లపల్లి మీదుగా అవనిగడ్డ వైపు. గుంటూరువాళ్లకు పెదనందిపాడు, పర్చూరు వైపు నల్లరేగడి చేలు. డెల్టా చేల కంటే ఈ మెట్ట ప్రాంతంలో చలికాలపు మంచు తక్కువ, కాబట్టి నవంబరు నుంచి ఫిబ్రవరి దాకా నేనైతే దీన్నే ఎంచుకోమంటాను. డెల్టాలో ఇంకో చిక్కు రొయ్యల చెరువులు. పగలు చూసి ప్రశాంతంగా ఉందనుకున్న చోట రాత్రి ఎల్‌ఈడీ లైట్లు వెలుగుతుంటాయి. చోటు ఎంచుకునేటప్పుడు ఒకసారి చీకటి పడ్డాక కూడా వెళ్లి చూడండి. గుంటూరు, మంగళగిరి, బెజవాడ మధ్య హైవే పొడవునా ఎక్కడా ఆగి ప్రయోజనం లేదు. ఇబ్రహీంపట్నం వైపు థర్మల్ స్టేషన్ వెలుగు, పొగ రెండూ ఉన్నాయి.

అన్నిటికంటే మంచి దక్షిణ దిగంతం బాపట్ల దగ్గర సూర్యలంక తీరం. తీరం ఈశాన్యం నుంచి నైరుతికి సాగుతుంది కనుక అక్కడ నిలబడితే సరిగ్గా దక్షిణాన ఉన్నది సముద్రమే. వేట పడవల దీపాలు తప్ప ఊళ్లు ఉండవు. వారాంతాలు మాత్రం వద్దు, జనం, కార్ల హెడ్‌లైట్లు. సముద్రపు గాలిలోని ఉప్పు అద్దాల మీద సన్నటి పొరగా పేరుకుంటుంది. దాన్ని చొక్కా అంచుతో తుడిస్తే ఉప్పు, ఇసుక రేణువులు కోటింగ్‌ను గీకేస్తాయి. ముందు బ్లోయర్‌తో ఊది, ఇంటికొచ్చాక లెన్సు ద్రావకం అద్దిన టిష్యూతో ఒత్తకుండా తుడవాలి.

పొలాల్లోకి వెళ్లేవాళ్లు ఆ చేను రైతుకు పగలే చెప్పండి, ఇద్దరైనా కలిసి వెళ్లండి, గట్ల మీద పాముల సంగతి గుర్తుంచుకుని బూట్లు వేసుకోండి.

పరికరం గురించి ఎక్కువ చెప్పను. 10×50 తీసుకుంటే చాలు. మొదటి అంకె ఎన్ని రెట్లు దగ్గరగా చూపిస్తుందో, రెండోది ముందు అద్దం వ్యాసం మిల్లీమీటర్లలో. రెండోదాన్ని మొదటిదానితో భాగిస్తే కంటిలోకి వచ్చే వెలుగు వృత్తం వ్యాసం వస్తుంది. దాన్నే ఎగ్జిట్ ప్యూపిల్ అంటారు. 7×50కి అది 7 మి.మీ. పైచిలుకు, 10×50కి 5 మి.మీ. కాగితం మీద 7×50దే ఎక్కువ వెలుగు. కానీ మన ఊళ్ల చుట్టూ ఆకాశమే తెల్లగా ఉంటుంది, ఆ తెలుపు కూడా అంతే ఎక్కువగా కంట్లోకి వస్తుంది. 10×50లో ఆకాశపు నేపథ్యం దాదాపు సగానికి తగ్గుతుంది, చుక్కలు మాత్రం చుక్కల్లాగే వెలుగుతాయి. పైగా వీధి దీపాల మధ్య కంటిపాప 7 మి.మీ. విచ్చుకోనే విచ్చుకోదు, వయసు పెరిగేకొద్దీ చీకట్లో కూడా అంత విచ్చుకోదు. 8×42 కూడా మంచిదే, తేలిక. 15×70 బరువు కిలోన్నర దాకా ఉంటుంది, ట్రైపాడ్ లేకుండా అందులో ఏదీ నిలకడగా కనిపించదు. జూమ్ బైనాక్యులర్లు, అద్దాలు కెంపులా ఎర్రగా మెరిసేవి ఎంత చవగ్గా ఇచ్చినా వద్దు. జూమ్‌లో కనిపించే మేర ఇరుకు, ఎర్ర కోటింగ్ రావలసిన వెలుగును వెనక్కి తిప్పి పంపేస్తుంది.

కొట్లో చేయాల్సిన పరీక్షలు రెండు. బైనాక్యులర్‌ను చేయి చాచినంత దూరంలో పెట్టి పగటి ఆకాశం వైపు తిప్పి, కంటి అద్దాల్లో కనిపించే వెలుగు చుక్కలు చూడండి. గుండ్రంగా ఉంటే బేక్4 అనే మేలురకం గాజు ప్రిజమ్‌లు. పలకలుగా, అంచుల్లో బూడిదరంగు నీడలతో ఉంటే బీకే7 అనే మామూలు గాజు, అంచుల్లో వెలుగు తగ్గుతుంది. రెండోది ముఖ్యం: దూరంగా ఉన్న సెల్ టవర్ కొననో గుడి కలశాన్నో చూస్తూ, కళ్లను అద్దాల నుంచి మెల్లగా నాలుగైదు అంగుళాలు వెనక్కి జరపండి. బొమ్మ రెండుగా విడిపోతే గొట్టాలు సమాంతరంగా లేవు. దగ్గర్నుంచి చూసినప్పుడు కళ్లు బలవంతంగా రెంటినీ కలిపేస్తాయి కనుక లోపం తెలియదు. పది నిమిషాలకు తలనొప్పి వస్తుంది, జనం దాన్ని చలిగాలి మీదికి నెట్టేస్తారు. ఈ లోపం ఉన్నదాన్ని కొట్లోనే వదిలేయండి. పరీక్షించేటప్పుడు ఎవరూ సూర్యుడి వైపు తిప్పకుండా చూసుకోండి, క్షణంలో చూపు పోతుంది.

ఫోకస్ సరిగ్గా పెట్టుకోకపోవడం వల్ల పోయే వస్తువులే ఎక్కువ. ముందు రెండు గొట్టాల మధ్య దూరాన్ని కళ్ల మధ్య దూరానికి సరిపెట్టాలి, రెండు వృత్తాలు ఒక్కటిగా కనిపించేదాకా. తర్వాత కుడి అద్దానికి మూత పెట్టి, ఎడమ కంటితో ఒక ప్రకాశవంతమైన చుక్కను చూస్తూ మధ్య చక్రం తిప్పి సూదిమొన అంత చేయాలి. ఇప్పుడు మూత ఎడమకు మార్చి, మధ్య చక్రం ముట్టుకోకుండా కుడి కంటి దగ్గరున్న రింగుతో అదే పని. ఆ రింగు ఏ గీత దగ్గర ఆగిందో గుర్తుపెట్టుకుంటే ఇంకెవరికైనా ఇచ్చి వెనక్కి తీసుకున్నప్పుడు మళ్లీ మొదట్నుంచి చేసుకోనక్కర్లేదు. నక్షత్రం మీద పెట్టిన ఫోకసే నెబ్యులాకీ సరిపోతుంది. మసకగా కనిపించేదాన్ని చూస్తూ ఫోకస్ సరిచేయబోతే ఎప్పటికీ కుదరదు.

చేతి వణుకుకి మందు, వస్తువు ఎత్తును బట్టి భంగిమ మార్చుకోవడం. దక్షిణంలో 25, 30 డిగ్రీల్లో ఉండేవాటికి డాబా పిట్టగోడ మీద మోచేతులు ఆనిస్తే ట్రైపాడ్‌తో పనిలేదు. 40, 50 డిగ్రీల్లో ఉన్నవాటికి చేతులున్న ప్లాస్టిక్ కుర్చీ, తల వెనక్కి ఆనేలా గోడకు చేర్చి వేసుకోవాలి. కృత్తికలు, రోహిణి, పుష్యమి మనకు నడినెత్తికి వస్తాయి. పుష్యమి గుంపు అయితే నడినెత్తికి 3 డిగ్రీల్లోనే దాటిపోతుంది. ట్రైపాడ్ అక్కడ మెడ విరగ్గొట్టడానికే పనికొస్తుంది. మడతమంచం వేసుకుని వెల్లకిలా పడుకుని, మోచేతులు పక్కలకు ఆనించి చూడండి. పట్టుకోవడం కూడా కంటి అద్దాల దగ్గర కాకుండా ముందు అద్దాల వైపు జరిపి పట్టుకుంటే బరువు సర్దుకుంటుంది.

కళ్లు చీకటికి అలవాటు పడటానికి 20 నుంచి 30 నిమిషాలు పడుతుంది. ఫోన్ ఒక్కసారి వెలిగిస్తే ఆ లెక్క మళ్లీ మొదటికి. ఆకాశపటం చూపే స్టెల్లేరియం యాప్‌లో ఎర్రరంగు మోడ్ పెట్టుకుని, వెలుగు పూర్తిగా తగ్గించి వాడండి. ఇక మసకవాటిని సూటిగా చూడొద్దు. చూపు కొంచెం పక్కకు పెడితే రెటీనాలో చీకటికి బాగా స్పందించే భాగం మీద వెలుగు పడి, లేదనుకున్నది తేలుతుంది.

చంద్రుడి లెక్క పంచాంగంతోనే తేలిక. సాయంత్రాలకు బహుళ షష్ఠి నుంచి శుద్ధ తదియ దాకా. తెల్లవారుజాములకు శుద్ధ పాడ్యమి నుంచి ఏకాదశి దాకా, ఎందుకంటే ఏకాదశి చంద్రుడు కూడా మూడు గంటల లోపే అస్తమిస్తాడు. దీపావళి అమావాస్య చీకటిదే కానీ బాణసంచా పొగ మిగలనివ్వదు. భోగి మంటల రాత్రీ అంతే.

ఇప్పుడు అసలు చూపు. మనకు ఏడాది మొత్తంలో అన్నిటికంటే సంపన్నమైన వేళ ఉగాది నుంచి ఏప్రిల్ నెలాఖరు దాకా తెల్లవారుజాము. ఉగాది చైత్ర శుద్ధ పాడ్యమి కాబట్టి ఆ వేకువన చంద్రుడు ఉండే ప్రశ్నే లేదు. మార్చి నెలాఖరులో నాలుగు, నాలుగున్నర మధ్య వృశ్చికం మొత్తం దక్షిణంలో పరుచుకుని ఉంటుంది. ఏప్రిల్ 20 ప్రాంతంలో ఎం7 సరిగ్గా నాలుగింటికి దక్షిణ రేఖ మీదికి (సరిగ్గా దక్షిణాన, తన గరిష్ఠ ఎత్తుకు) వస్తుంది. కాకపోతే అప్పటికి నాలుగున్నరకే తూర్పు తెలుపెక్కడం మొదలవుతుంది, మూడింటికి లేవాలి.

మూలా నక్షత్రం, అంటే తేలు కొండి దగ్గరి జంట చుక్కలు, మొదటి మెట్టు. అక్కడి నుంచి ఈశాన్యంగా 5 డిగ్రీల కంటే కొంచెం తక్కువ దూరంలో ఎం7. చాచిన చేతి మూడు వేళ్ల వెడల్పు 5 డిగ్రీలు, పిడికిలి 10. మంచి చోట ఎం7 కంటికే మసక మచ్చగా తెలుస్తుంది. క్రీ.శ. 130 ప్రాంతంలోనే టోలెమీ దీన్ని నమోదు చేశాడు. మాగ్నిట్యూడ్ (వెలుగు కొలత, అంకె ఎంత చిన్నదైతే అంత వెలుగు) 3.3, నిండు చంద్రుడికి రెండున్నర రెట్ల వెడల్పు, దూరం దాదాపు 980 కాంతి సంవత్సరాలు. బైనాక్యులర్‌లో విడివిడి చుక్కలుగా విచ్చుకుంటుంది. దానికి వాయవ్యంగా 4 డిగ్రీల్లో ఎం6, చిన్నది, బిగువైనది. 10×50లో సాధారణంగా 6.5 డిగ్రీల మేర కనిపిస్తుంది కనుక రెండూ ఒకే చూపులో పడతాయి. టెలిస్కోపుతో ఇది కుదరదు, అంత మేర దానికి అందదు.

తేలు తోక ఒంపు మొదట్లో జీటా చుక్క దగ్గర అర డిగ్రీ ఉత్తరంగా ఎన్‌జీసీ అనే ఇంకో జాబితాలోని 6231వ వస్తువు, ఒక చుక్కల గుంపు, ఉంది. 32 డిగ్రీల ఎత్తు. దాని పైన పలచగా పరుచుకున్న ఇంకో గుంపుతో కలిపి చూస్తే తోకచుక్క అని భ్రమపడేలా ఉంటుంది. ఉత్తరాది జాబితాల్లో దీని పేరు కనబడటమే అరుదు. ఇక్కడైతే దీన్ని ఎం6 కంటే ముందు పెడతాను. జ్యేష్ఠకు పడమరగా 1.3 డిగ్రీల్లో ఎం4, గోళాకార గుంపు. జ్యేష్ఠ మిరుమిట్లలో ఇది మాయమవుతుంది. జ్యేష్ఠను కనిపించే వృత్తం అంచు బయటికి నెట్టేసి వెతకండి.

ఎం7 నుంచి దాదాపు ఉత్తరంగా, కాస్త తూర్పుకు జరుగుతూ ధనుస్సులోకి వెళ్తే ఎం8 లాగూన్ నెబ్యులా. పాలపుంతలో అన్నీ మసకే కదా అని దాటేస్తారు. గుర్తు ఏమిటంటే, దీని తూర్పు సగంలో చిన్న చుక్కల గుంపు ఉంటుంది, పడమటి సగం చుక్కలు తక్కువున్న పొగ. పొగ కనబడకుండా గుంపు మాత్రమే కనబడితే ఆకాశం బాగాలేదని అర్థం. ధనుస్సులోని చుక్కలు కలిసి గీసే టీపాట్ ఆకారంలో మూత కొన చుక్కకి ఈశాన్యంగా రెండున్నర డిగ్రీల్లో ఎం22 గోళాకార గుంపు, మాగ్నిట్యూడ్ 5.1. ఉత్తరాదివాళ్లు నెత్తిన పెట్టుకునే ఎం13 కంటే వెలుగులో ఇదే మెరుగు, మనకు 50 డిగ్రీల దాకా లేస్తుంది. ఇవే వస్తువులు ఆగస్టు సాయంత్రాల్లోనూ దక్షిణంలో ఉంటాయి, మబ్బుల మధ్య. వాన వెలిసి గాలి కడిగినట్టున్న ఒక్క గంట దొరికినా వదలొద్దు, వేసవి దుమ్ములో ఎప్పుడూ రాని స్పష్టత అప్పుడుంటుంది.

మే నెల రెండో వారంలో రాత్రి పదింటికి, నెలాఖరుకైతే తొమ్మిదింటికి, చిత్త దక్షిణ రేఖ మీద ఉంటుంది. దాని నుంచి నిట్టనిలువుగా కిందికి 36 డిగ్రీలు, అంటే మూడున్నర పిడికిళ్లు దిగితే ఒమేగా సెంటారీ. రెంటి రైట్ అసెన్షన్ (ఆకాశపు రేఖాంశం) దాదాపు ఒకటే కావడం మన అదృష్టం, మధ్యలో ఏ చుక్కా గుర్తుపట్టనక్కర్లేదు. 3.9 మాగ్నిట్యూడ్, 17 వేల కాంతి సంవత్సరాలు, కోటి నక్షత్రాల ముద్ద. బైనాక్యులర్‌లో విడిపోదు. అంచులు మెత్తగా, మధ్య చిక్కగా ఉండే గుండ్రటి వెలుగు. దీన్ని 1677లో సెయింట్ హెలినా దీవి నుంచి చూసి, ఇది ఒంటి చుక్క కాదని చెప్పింది ఎడ్మండ్ హేలీ. అదే నిలువు గీత మీద నాలుగున్నర డిగ్రీలు పైన సెంటారస్ ఎ గెలాక్సీ. ఒమేగాను వృత్తం అడుగున పెడితే ఇది పై భాగంలో పడుతుంది. మాగ్నిట్యూడ్ 6.8 కనుక డాబా మీది నుంచి కుదరదు, సూర్యలంక లాంటి చోట చిన్న బూజు మచ్చలా తేలుతుంది. ఏప్రిల్ మధ్యలో రాత్రి తొమ్మిదింటికి కారినా నెబ్యులా కూడా ఎక్కుతుంది కానీ 14 డిగ్రీలే. అది సముద్ర తీరానికే పరిమితం.

కార్తీక మాసంలో వేకువన ఎలాగూ లేచేవాళ్లుంటారు. నవంబరులో నాలుగున్నరకు పడమటి వైపు ఒరుగుతున్న సిరియస్ నుంచి సరిగ్గా 4 డిగ్రీలు దక్షిణంగా ఎం41. సిరియస్‌కి తూర్పుగా పిడికిలికి కాస్త ఎక్కువ దూరంలో ఎం47, ఎం46 పక్కపక్కనే. ఎం47 గుప్పెడు స్పష్టమైన చుక్కలు, ఎం46 పొగ. రెండోది మూడు రెట్ల దూరంలో ఉండటమే తేడాకు కారణం. ఇవే మార్చిలో సాయంత్రాలు కూడా దొరుకుతాయి.

ఉత్తరానికి నవంబరు చివర, డిసెంబరు మొదట్లో రాత్రి ఎనిమిదింటి వేళ. ఆండ్రోమెడా గెలాక్సీ 65 డిగ్రీల ఎత్తులో ఉంటుంది. పెగాసస్ చతురస్రం ఈశాన్య మూల నుంచి బాట పట్టి రెండో చుక్క మిరాక్. అక్కడి నుంచి వాయవ్యంగా మ్యూ చుక్క 4 డిగ్రీలు, అదే దూరం మళ్లీ అదే దిశలో వెళ్తే 25 లక్షల కాంతి సంవత్సరాల అవతలి వెలుగు. ఫొటోల్లోని చుట్టలు ఆశించినవాళ్లు నిరాశపడతారు. ఊళ్లోంచి నడుమ భాగం మాత్రమే, కోలగా. మంచి చోట దాని పొడవు రెండు డిగ్రీలకు మించి సాగుతుంది.

ఊరు దాటే వీలు లేనివాళ్లు డాబా మీది నుంచి కృత్తికలు, రోహిణి చుట్టూ ఉన్న హయడీస్, ఎం41, ఎం7, పుష్యమి చూడండి. విడి చుక్కల గుంపులు కాబట్టి వెలుగులోనూ బతుకుతాయి. పరుచుకున్న వెలుగున్న గెలాక్సీలు, నెబ్యులాలు బతకవు, ఒక్క ఒరాయన్‌లో మూడు చుక్కల పట్టీ కిందనున్న నెబ్యులా ఎం42 తప్ప. ఈ రాత్రి బయటికి వెళ్లడం దండగో కాదో తేల్చుకోవడానికి ఫిబ్రవరి నుంచి ఏప్రిల్ దాకా పుష్యమే కొలబద్ద. పునర్వసుకీ మఖకీ నడిమధ్య వట్టి కంటికి మసక మచ్చ కనిపిస్తే ఆకాశం పనికొస్తుంది. ఏమీ లేకపోతే గుంపులతో సరిపెట్టుకోండి.

మిగిలింది తేమ. కృష్ణా తీరంలో బైనాక్యులర్లను చంపేది కింద పడటం కంటే ఎక్కువగా బూజు. లోపలి అద్దాల మీద సాలెగూడులా అల్లుకుంటే ఇంట్లో తీయలేం, విప్పితే గొట్టాల సమాంతరం పోతుంది. తోలు సంచిలో పెట్టి బీరువాలో దాచడం బూజును పెంచడమే. గాలి చొరని మూతున్న ప్లాస్టిక్ డబ్బాలో గుప్పెడు సిలికా జెల్ గుడ్డ మూటలో కట్టి పెట్టండి. రంగు మారే రకం అయితే నీలం పోయి గులాబీ అయినప్పుడు సన్నటి సెగ మీద మళ్లీ నీలం అయ్యేదాకా వేడిచేసి, చల్లారాక పెట్టాలి. వంటకు వాడే మూకుడు మాత్రం వద్దు. చలికాలం రాత్రుళ్లు ముందు అద్దాల మీద మంచు పడితే తుడవకండి, చూడని సమయాల్లో మూతలు పెట్టి, మీద తువ్వాలు కప్పండి. తడిసినదాన్ని అలాగే డబ్బాలో మూసేయకుండా, ఇంటికొచ్చాక ఫ్యాన్ కింద రాత్రంతా ఆరబెట్టాకే లోపల పెట్టండి. మే నెలలో దీనికి తిరగబడ్డ చిక్కు: ఏసీ గదిలోంచి నేరుగా బయటికి తెస్తే అద్దాలన్నీ ఒక్కసారిగా చెమర్చి పావుగంట పైన ఏమీ కనిపించదు. సాయంత్రమే డబ్బాతో సహా వరండాలో పెట్టేస్తే ఆ బాధ ఉండదు.